ఇనుప డ్రమ్ము నీళ్ళు

గాజు గొట్టం కడగడం ఎవరికైనా వస్తుందని అనుకుంటారు. రాదు. పదకొండేళ్ళు అదే పని చేశాను కాబట్టి చెబుతున్నాను.

కడపలో ఒక కాలేజీ. దాని వెనక వైపు మూడు గదుల్లో, రోగాలు తెచ్చే సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసే ల్యాబు ఉండేది. అక్కడి వాళ్ళు వాటిని బ్యాక్టీరియా అంటారు. నేను పురుగులు అంటాను. కంటికి కనిపించేవి కావని నాకూ తెలుసు, అలవాటైన మాట అది. ఆ పురుగులను పెంచిన గాజు గొట్టాలు కడగడం నా పని. మా చుట్టాలు ఈ సంగతి తెలిసి మా ఇంట్లో నీళ్ళు తాగడానికి వెనకాడేవాళ్ళు. భయపడాల్సిందేమీ లేదు. వాడిన గొట్టాలన్నిటినీ ముందు పెద్ద కుక్కరు లాంటి దాంట్లో పెట్టి ఆవిరితో ఉడికిస్తారు. పురుగు చచ్చాకే గొట్టం నా చేతికి వస్తుంది.

పద్ధతి ఏమిటో ల్యాబు పెద్ద, అంటే మా సారు, మొదటి రోజే చెప్పాడు. సబ్బు నీళ్ళలో నానేయాలి. బ్రష్షు పెట్టి లోపల తిప్పాలి. కొళాయి నీళ్ళు ఆరుసార్లు పోసి, ఆడించి, పారబోయాలి. చివర్లో ఆవిరి నీళ్ళు మూడుసార్లు పోసి, ఆడించి, పారబోయాలి. తర్వాత బోర్లించి, వేడి పెట్టెలో ఆరబెట్టాలి. ఆవిరి నీళ్ళంటే, నీళ్ళు కాచి ఆ ఆవిరిని చల్లబరిచి పట్టినవి. వాళ్ళు డిస్టిల్డ్ వాటర్ అంటారు. అందులో ఉప్పు ఉండదు, సున్నం ఉండదు, ఏమీ ఉండదు. రుచి కూడా ఉండదు, తాగి చూశాను.

మొత్తం తొమ్మిదిసార్లు పారబోయడం. ఈ ఒక్కటి నాకు మింగుడు పడలేదు.

మాది కర్నూలు జిల్లాలో పడమటి పక్క ఊరు. నా చిన్నతనంలో వేసవి వస్తే వంకలో ఇసుక తోడి చెలమ తీసేవాళ్ళం. నీళ్ళు ఊరేదాకా గుంత పక్కన కూర్చుని, కొబ్బరి చిప్పతో ముంచి బిందెలో పోసుకోవాలి. ఒక బిందె నిండడానికి సగం పొద్దు పట్టేది. ఆ నీళ్ళను ఇంట్లో ఒకసారి వాడి వదిలేది లేదు. కొర్రబియ్యం కడిగిన నీళ్ళు పాలిచ్చే ఎనుముకు. మొహం కడిగిన నీళ్ళు వంకాయ చెట్టుకు. గిన్నెలు తోమిన నీళ్ళు వాకిట్లో చల్లడానికి. ఊరికే ఒలకబోస్తే మా అమ్మ చేతిలో ఏది ఉంటే దాంతో కొట్టేది.

ఆ చెలమ నీళ్ళు తాగే మా తమ్ముడు పోయాడు. వాంతులు, భేదులు, రెండు రోజులు. మా అమ్మ దిష్టి అంది. మా నాయన నీళ్ళు అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో నాకు యాభై దాటి, ల్యాబులో చేరిన తర్వాత తెలిసింది.

కడపకు నేను మా ఆయన వెంట వచ్చాను. ఆయనది నాపరాళ్ళ పాలిష్ పని. ఆయన పోయాక ఒక కాంట్రాక్టరు ద్వారా ల్యాబులో కుదిరాను. అప్పటికి నాకు అక్షరం రాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, నోటికి వచ్చిన పాట పాడేదాన్ని. పక్కన కూర్చున్నామె పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని. ల్యాబులో కూడా అలాగే గడిపాను. సీసాలకు చుట్టిన టేపు రంగు చూసి ఏది ఏదో పోల్చుకునేదాన్ని. నా పని శుభ్రమని పేరు ఉండేది. అది నిజమే కూడా.

ఆవిరి నీళ్ళ మిషన్ గోడకు బిగించి ఉండేది. దానికి రెండు పైపులు. సన్న పైపులోంచి ఆవిరి నీళ్ళు చుక్కచుక్కగా తెల్ల క్యానులో పడతాయి. లావు పైపులోంచి వెచ్చటి నీళ్ళు ధారగా మోరీలోకి పోతాయి. చుక్కలు ఒకవైపు, ధార ఒకవైపు. ఇంటి దగ్గర మాకు కొళాయి మూడు రోజులకు ఒకసారి వచ్చేది. ఇక్కడ పొద్దున మిషన్ వేసింది మొదలు సాయంత్రం దాకా మోరీకి తాగించడమే. ఆ ధార శబ్దం వింటూ పని చేయడం నాకు చాలా కష్టంగా ఉండేది. తలుపు మూసుకుని కడిగేదాన్ని.

ఒక ఏడు, మా చర్చిలో నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు మొదలైన వారంలో, మా ఆయన పని చేసిన పాలిష్ కార్ఖానాకు వెళ్ళి, మూలకు పడేసిన ఇనుప డ్రమ్ము ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ఆటోలో వేసుకొచ్చి లావు పైపు కింద పెట్టాను. సారు అటు పోతూ ఆగాడు.

"ఇదేంది?"

"నీళ్ళు ఊరికే పోతాండాయి సార్. పడతాండా."

"మంచి పనే. నేల తుడిచేదానికి పనికొస్తాయి," అని వెళ్ళిపోయాడు.

నేల తుడవడానికి వాడాను. దాంతో పాటు, గొట్టాల చివరి మూడు కడుగులకు కూడా అవే వాడాను. నా ఆలోచన ఇది: రెండు పైపులూ ఒకే మిషన్‌లోంచి వస్తున్నాయి. లావు పైపు నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. ఆవిరి తగలకపోతే ఆ వెచ్చదనం ఎక్కడిది? ఒకే ఆవు, రెండు చన్నులు, ఒకదాంట్లో సన్నగా, ఒకదాంట్లో లావుగా వస్తుంది, రెండూ పాలే. అలాంటప్పుడు చుక్కచుక్కగా పోగైన క్యాను నీళ్ళను నేనెందుకు పారబోయాలి? అవి పరిశోధన చేసే పాపకు మిగలనీ. ఇలా అనుకుని చేశాను. ఎవరినీ అడగలేదు. మంచి పని చేస్తున్నానని తృప్తిగా కూడా ఉన్నాను.

ఆ పాప గురించి చెప్పాలి. అప్పుడు ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్నది ఆమె ఒక్కతే. బనగానపల్లె పక్క నుంచి వచ్చింది. వాళ్ళది చిన్న మామిడి తోట. నన్ను అవ్వా అనేది. తెలియనిది అడగడానికి సిగ్గుపడదు, తెలిసింది చెప్పడానికి విసుక్కోదు. అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

ఆమె పెంచే పురుగు పేరు సాల్మొనెల్లా. టైఫాయిడ్ తెచ్చేదానికి దగ్గరి చుట్టం. తిండిలో, నీళ్ళలో చేరి కడుపు చెడగొట్టే రకం. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచింది.

"అవ్వా, ఇట్ల రా. ఒకటి చూపిస్తా."

"చేతులంతా సబ్బు ఉండాది."

"చేతులతో పని లేదులే. కండ్లు తెచ్చుకో."

చిన్న గాజు పలక మీద పురుగుల ముద్ద పెట్టింది, గోటి మీద మురికి అంత. దాని మీద ఒక చుక్క పెరాక్సైడ్ వేసింది. బుసబుసమని నురుగు పొంగింది.

"ఇది నాకు తెలుసు. మా ఆయన కాలి మీద రాయి పడినప్పుడు ఆసుపత్రిలో నర్సమ్మ పోసినాది. పురుగు చస్తాండాది, అందుకే పొంగుతాండాది అనె."

"చచ్చేదానికి కాదవ్వా, చావకుండా ఉండేదానికి పొంగిస్తాండాది. ఈ మందును నీళ్ళుగా, గాలిగా విరగ్గొడతాది. ఆ గాలే నురుగు."

"అయితే నర్సమ్మ చెప్పింది అబద్ధమా?"

"సగం. పుండులో పొంగేది శానావరకు మన రక్తం, మన కండే. ఈ విద్య మన ఒంట్లో కూడా ఉండాది."

"దొంగకూ అదే విద్య, పోలీసుకూ అదే విద్య అను."

"అంతే," అని నవ్వింది. తర్వాత కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. పురుగు కడుపులో చేరితే మన ఒంట్లోని తెల్ల కణాలు దాన్ని పట్టి మింగుతాయట. మింగి ఊరుకోవు, ఇదే పెరాక్సైడ్, ఇంతకంటే ఘాటైనవి కూడా దాని మీద కుమ్మరిస్తాయట. తెలివి లేని పురుగు అక్కడే చస్తుంది. తెలివైన దాంట్లో ఒక కాపలా ప్రోటీను ఉంటుంది. విషం సోకగానే అది మెలి తిరుగుతుంది, ఆ మెలికే కబురు. వెంటనే నురుగు పొంగించే సరుకు తయారవడం మొదలవుతుంది.

"అంతటితో అయిపోతే బాగుండు. దానికి అసలు చిక్కు ఇనుముతో," అంది పాప.

"పురుగు కడుపులో ఇనుమెందుకే?"

"మన రక్తంలో లేదా? దానికీ కావల్ల. ఇనుము లేకుంటే శానా పనులు నడవవు. కానీ పెరాక్సైడ్‌కు ఇనుము తగిలిందంటే ఇంకా ఘోరమైన విషం పుడతాది. జన్యువును కూడా తెగ్గోస్తాది."

నాకు అర్థమైంది. "కొడవలి మాదిరి అను," అన్నాను. "ఇంట్లో కొడవలి ఉండల్ల. గడ్డి కోసేదానికి, కంది కోసేదానికి. ఊర్లో గొడవ మొదలైనాదంటే మాత్రం ఇంటి ఆడది మొదట చేసే పని, కొడవలి తీసి జొన్నల గాదెలో పూడ్చడం. చేతికందే చోట ఉంటే అదే మన మగోళ్ళ మీదికి వస్తాది."

పాప నవ్వలేదు. పుస్తకం తీసి రాసుకుంది.

"అదేనవ్వా అది చేసేది. గొడవ మొదలైతానే ఇనుమును ఒక ప్రోటీను పెట్టెలో వేసి మూస్తాది. దాని బదులు మాంగనీసని ఇంకో లోహాన్ని లోపలికి తెచ్చుకుంటాది. దానికి ఈ పెరాక్సైడ్‌తో పేచీ లేదు."

ఆమె పరిశోధన ఆ పెట్టె మీదే. రెండు రకాల పురుగులు పెట్టుకుంది. ఒకటి పెట్టె ఉన్నది. రెండోది, ఆ పెట్టె చేసే జన్యువును ఆమె తీసేసినది, అంటే పెట్టె లేనిది. రెండింటినీ వేరే వేరే గొట్టాల్లో ఉప్పు నీళ్ళలో వేసి, పెరాక్సైడ్ పోసి, అరగంట ఉంచి, ఒక్కో చుక్క తీసి ప్లాస్టిక్ ప్లేటులో పేరబెట్టిన పురుగుల మేత మీద పరుస్తుంది. మరుసటి రోజుకు, బతికిన ప్రతి పురుగూ పిల్లల్ని పెట్టి ఒక చుక్కగా పైకి కనిపిస్తుంది. పెట్టె ఉన్న ప్లేటు నిండా చుక్కలు రావాలి. పెట్టె లేని ప్లేటులో ఒకటో రెండో మిగలాలి. అది చూపిస్తే పెట్టె వల్లే పురుగు బతుకుతోందని తేలుతుంది. ముందుముందు ఆ పెట్టెను తెరిచే మందు వెతకొచ్చు.

"మా తమ్ముని కడుపులో కూడా ఇదే జరిగింటాదా?" అని అడిగాను ఆ రోజు.

"ఏ పురుగని చెప్పలేనవ్వా. చెలమ నీళ్ళంటే మటుకు ఇట్లాంటిదే ఏదో ఒకటి."

మా నాయన మాటే నిజమైంది. చెప్పడానికి ఆయనా లేడు, అమ్మా లేదు.

ఆ వేసవిలో పాప పని తిరగబడింది. పెట్టె ఉన్న పురుగు కూడా చావడం మొదలైంది. రెండు ప్లేట్లూ బోడిగా వచ్చేవి. పెరాక్సైడ్ పోయకపోతే రెండూ బాగానే బతుకుతున్నాయి, పోస్తే రెండూ పోతున్నాయి. కొత్త పెరాక్సైడ్ సీసా తెప్పించింది. ఉప్పు మార్చింది. మేత మార్చింది. మళ్ళీ బోడి. ఒక్కోసారి నాలుగు చుక్కలు వస్తే ఆశపడేది, మరుసటి వారం మళ్ళీ బోడి. మనిషి సన్నబడింది. తెచ్చుకున్న అన్నం కుక్కకు పెట్టేది.

సారుకు అనుమానం పురుగు మీదే. పెట్టె ఉన్నదీ లేనిదీ ఎక్కడో కలిసిపోయి ఉంటాయి, మొదటి నుంచి చేసుకో అన్నాడు. మొదటి నుంచి అంటే రెండేళ్ళ పని. ఆమెకు ఫెలోషిప్ ఆగస్టుతో ఆగిపోతుంది. ఆ ఏడు వాళ్ళ తోటలో పూతంతా గాలికి రాలిపోయింది, ఇంటి నుంచి తెచ్చుకుని చదివే దారి లేదు. మొదటి నుంచి చేయడం అంటే మానేసి ఇంటికి పోవడమే.

ఒక మధ్యాహ్నం ప్లేట్లు ముందర పేర్చుకుని స్టూలు మీద కూర్చుని ఉంది. కరెంటు లేదు, ఫ్యాను లేదు. నేను గొట్టాల బుట్ట దించుతూ అడిగాను.

"ఏం పాపా, అట్ల కూర్చుండావు?"

"ఏం చేసేది అవ్వా. శివరాత్రి దాకా ఎంత బాగుండె. ఆ తర్వాతనే చెడిపోయినాది. నేను చేసేది అదే, పురుగు అదే. ఏం మారినాదో తెలీడం లేదు."

శివరాత్రి దాకా. ఆ ఏడు శివరాత్రి వారంలోనే మా నలభై రోజుల ప్రార్థనలు మొదలయ్యాయి. ఆ వారం ఆ ల్యాబులో మారింది ఒక్కటే. నేను బుట్ట అక్కడ పెట్టి మిషన్ గదిలోకి పోయాను.

డ్రమ్ములో చెయ్యి ముంచాను. అప్పటికి కాలేజీ బోరులో నీళ్ళు అడుగుకు పోయాయి, నీళ్ళే ఎర్రగా వస్తున్నాయి. దానికి తోడు డ్రమ్ము లోపల తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. చెయ్యి పైకి తీస్తే గోళ్ళ సందుల్లో ఎర్రగా అంటింది. తుప్పంటే ఇనుము. ఇనుమంటే కొడవలి. పాపం ఆ పురుగు తన కొడవలిని పెట్టెలో దాచుకుని కూర్చుంది, నేను బయటి నుంచి బండెడు కొడవళ్ళు తెచ్చి గొట్టంలో పోశాను.

ఇది అర్థమైన వెంటనే పోయి చెప్పానని రాస్తే అబద్ధం. ఆ రోజు చెప్పలేదు. మరుసటి రోజూ చెప్పలేదు. చెబితే ఎందుకు చేశావంటారు, అక్కడి నుంచి చదువు రాదన్న సంగతి బయటపడుతుంది, కాంట్రాక్టరు ఇంకొకరిని పెడతాడు. ఆ వయసులో నాకు వేరే పని ఎవరిస్తారు? రెండు రోజులూ మౌనంగా క్యాను నీళ్ళతో కడిగాను. తప్పు దానంతటదే సర్దుకుంటే ఎవరికీ తెలియకుండా పోతుందనుకున్నాను. సర్దుకోలేదు. తుప్పు అప్పటికే గొట్టాల లోపలికి పట్టి ఉంది.

మూడో రోజు సారు పాపతో అంటున్నాడు, "నువ్వు ఇంటికి పోయి ఒక వారం ఆలోచించుకో తల్లీ." ఆ మాట ఎలాంటి మాటో నాకు తెలుసు. చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి పోయాను.

"సార్, గొట్టాలు నేను డ్రమ్ము నీళ్ళతో కడిగినా. చివరి మూడుసార్లు. శివరాత్రి కాడి నుంచి."

సారుకు ముందు అర్థం కాలేదు. తర్వాత కళ్ళద్దాలు తీశాడు.

"నేల తుడిచేదానికి కదా అవి?"

"ఆ మాట మీరన్నారు సార్. నేను పడతాండా అంటి, అంతే."

"తెల్ల క్యానులో ఆవిరి నీళ్ళు ఉండగా అవెందుకు వాడినావు?"

"రెండూ ఒక మిషన్‌లోంచే వస్తాండాయి. వెచ్చగా ఉండాయి. అవీ ఆవిరి నీళ్ళే అనుకుంటి."

పాప నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అవి బోరు నీళ్ళే అవ్వా. ఆవిరిని చల్లార్చేదానికి పైపు చుట్టూ తిరిగి బయటికి పోతాయి. తిరిగేటప్పుడు వేడెక్కుతాయి. అంతే."

ఈ ఒక్క మాట నాకు అన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

"గోడ మీద చార్టు అంటించినాం కదా, తెలుగులోనే. ఏ నీళ్ళు ఎన్నిసార్లని," అన్నాడు సారు.

"నాకు చదవను రాదు సార్."

"ఇన్నేండ్లూ?"

"ఇన్నేండ్లూ."

తర్వాత సారు తిట్టాడు. నీళ్ళు పొదుపు చేసేదానికి పెట్టుకున్నామా నిన్ను అన్నాడు, పిల్ల బతుకుతో ఆడుకున్నావన్నాడు. పడ్డాను. తిట్టాల్సిన మాటలే. అయితే ఆయన పూర్తిగా నమ్మలేదు. గొట్టం గోడకు అంటుకున్న తడిలో ఎంత ఇనుముంటుంది, అంత మాత్రానికి పురుగంతా చస్తుందా అన్నాడు. మూడు నెలలుగా అవే గొట్టాలు సార్, తడిపి తడిపి ఆరబెడితే లోపలే మిగులుతుంది అంది పాప. సరే, చూద్దాం, అన్నాడు సారు.

పరీక్ష ఇలా పెట్టారు. ఇరవై గొట్టాలు నేను ఎప్పటిలాగే డ్రమ్ము నీళ్ళతో కడగాలి. ఇంకో ఇరవై గొట్టాలను పాప యాసిడ్‌లో నానబెట్టి లోపలి తుప్పంతా వదిలిస్తుంది, వాటిని నేను క్యాను నీళ్ళతో కడగాలి. రెండింటిలోనూ అవే పురుగులు, అదే పెరాక్సైడ్. రెండు జట్లలోనూ పెట్టె ఉన్న పురుగు చస్తే తప్పు నీళ్ళది కాదు, పురుగుదే. పాప ఇంటికి పోవాలి. డ్రమ్ము జట్టులో చచ్చి, క్యాను జట్టులో బతికితే తప్పు నాది.

గొట్టాలు కలిసిపోకుండా నాకు గుర్తులు కావాలి. రంగు టేపు చాలంటే పాప ఒప్పుకోలేదు. తెల్ల కాగితం ముక్కల మీద పెద్దగా రాసింది. ఆవిరి నీళ్ళ గొట్టాలకు 'ఆ'. డ్రమ్ము నీళ్ళ గొట్టాలకు 'డ్ర'. పెట్టె ఉన్న పురుగు వేసిన దానికి పక్కన చిన్న చదరం గీస్తుంది. లేనిదానికి గీయదు. ప్లేట్ల మీద కూడా ఇవే గుర్తులు.

"రాయి అవ్వా, చూస్తా."

"యాడ రాసేది?"

"ఈడ బండ మీదనే. వేలు తడుపుకో."

ల్యాబు బల్లలన్నీ నల్ల నాపరాయి. మా ఆయన చేతి కింద అలాంటివి ఎన్ని పోయాయో. తడి వేలితో 'ఆ' రాశాను. ఆ ఎండకు చూస్తుండగానే ఆరిపోయింది. మళ్ళీ రాశాను. 'డ్ర' కష్టం, కింద తోక సరిగ్గా తిరగదు. ఆ మధ్యాహ్నం బండ మీద ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. నేను నేర్చిన మొదటి అక్షరాలు అవి రెండు.

నలభై గొట్టాలు కడిగాను. క్యాను జట్టును కడిగేటప్పుడు తొమ్మిదిసార్లూ పారబోశాను, ఒక్కటి కూడా తగ్గించలేదు. డ్రమ్ము జట్టును కూడా అంతే శ్రద్ధగా కడిగాను. చెడిపోవాలని తెలిసి శ్రద్ధగా కడగడం ఒక రకమైన పని. చేసిన వాళ్ళకే తెలుస్తుంది.

ఆ ఆదివారం చర్చిలో కూర్చుని, తప్పు నాదే అయ్యేట్టు చూడు ప్రభువా అని వేడుకున్నాను. బతుకంతా తప్పు నాది కాదని వాదించుకుంటూ వచ్చిన మనిషిని. పక్కనామె పేజీ తిప్పింది. నేను తిప్పలేదు. ఆ పేజీలో 'ఆ' ఎక్కడెక్కడ ఉందో వెతుక్కుంటూ కూర్చున్నాను.

పాప సోమవారం పురుగులు వేసింది. మంగళవారం పొద్దున నేను వచ్చేసరికి, ప్లేట్లు పెట్టిన వెచ్చటి అలమర ముందు నిలబడి ఉంది. తలుపు తీయలేదు.

"నువ్వు తీసి చూడవ్వా. నాకు చేతులు రావడం లేదు."

"నీకు రాకుంటే నాకు వస్తాయా? నీకంటే నాకే భయం ఉండాది."

"చదవను వచ్చు కదా ఇప్పుడు. తియ్యి."

తీశాను. పైన ఉన్న ప్లేటు మీద 'డ్ర', పక్కన చదరం. లోపల చుక్క లేదు, అలికిన నేల మాదిరి ఉంది. దాని కింద 'డ్ర', చదరం లేదు. అదీ బోడే. మూడోది 'ఆ', చదరం లేదు. ఒక మూలకు మూడు చుక్కలు. నాలుగోది చేతిలోకి తీసుకున్నాను. 'ఆ', చదరం. కిటికీ వైపు ఎత్తి పట్టాను.

"ఏముండాది అవ్వా?"

"ఆవాలు చల్లినట్టుండాది."

"ప్లేటు సరిగ్గా చూసినావా? ఏం రాసుండాది దాని మీద?"

"'ఆ' అని ఉండాది. పక్కన పెట్టె. నువ్వు నేర్పించిందే కదమ్మా, నీకే అనుమానమా?"

పాప వచ్చి లాక్కుంది. అలమరలో ఉన్నవన్నీ బండ మీద పరిచింది. ఒక్కొక్క ప్లేటు తిరగేసి, వెనక పెన్నుతో చుక్క పెడుతూ లెక్కపెట్టింది. 'డ్ర' అన్నీ బోడి. 'ఆ' అన్నీ ఎట్లా ఉండాలో అట్లా. లెక్క అయ్యాక బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ఆ ఏడుపు మంచిది.

సారు వచ్చి మళ్ళీ తన చేత్తో లెక్కపెట్టాడు. నిలబడి డ్రమ్ము ఉన్న గది వైపు చూశాడు.

"తప్పు నీదే," అన్నాడు నాతో.

"సంతోషం సార్."

ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. కాంట్రాక్టరుకు చెప్పే మాట అయితే ఆ రోజు ఎత్తలేదు. రెండు రోజుల తర్వాత పిలిచి, ఉండొచ్చు, కానీ దసరా లోపల ఆ గోడ మీద చార్టు నాకు చదివి వినిపించాలి అన్నాడు. పాప మధ్యాహ్నం అన్నాలప్పుడు నేర్పింది. బండ మీద నీళ్ళతోనే. ఆమె గొట్టాలన్నీ యాసిడ్‌లో వేసి శుభ్రం చేయించుకుని, పోయిన మూడు నెలల పనిని ఏడు వారాల్లో మళ్ళీ చేసింది. ఫెలోషిప్ ఆగిపోయే నాటికి పరీక్షలు అయిపోయాయి, రాత పని ఇంటి దగ్గర చేసుకుంది. తర్వాత డాక్టరేట్ వచ్చింది. ఆమె పుస్తకంలో, పనిముట్లు కడిగిన విధానం అని ఒక పేజీ ఉందట. డ్రమ్ము సంగతి అందులో రాశానని చెప్పింది. అది ఇంగ్లీషు, నాకు రాదు.

చార్టును దసరాకు నాలుగు రోజుల ముందు సారుకు చదివి వినిపించాను. మూడో వరుస ఇది: చివరి మూడు కడుగులు తెల్ల క్యాను నీళ్ళతో మాత్రమే. అది నా కొళాయికి జానెడు పైన ఉండేది. అన్నేళ్ళూ దాని కిందే నిలబడి కడిగాను.

డ్రమ్మును పారేయమన్నాడు సారు. పారేయలేదు. లావు పైపుకు ఇంకో పైపు తగిలించి గోడ బయటికి తీసి, డ్రమ్మును అక్కడ పెట్టించాను. ఆ నీళ్ళతో రెండు మునగ చెట్లు పెరిగాయి. మునక్కాయలు సారు ఇంటికి కూడా పోయాయి. గొట్టాలను మాత్రం పని మానేసే దాకా తొమ్మిదిసార్లు కడిగాను. అలవాటైపోతుంది అవ్వా అని పాప అనేది. కాలేదు. చివరి రోజు కూడా ఆ నీళ్ళు మోరీలోకి పోతుంటే అటు చూడకుండానే పారబోశాను.